చేమిరి ముక్క

మొదటి రోజు

మిషన్: నాంచారయ్య అన్నది. ఎనిమిదో తెప్ప, ఉప్పు వరస, చివరి గది.
ఫిర్యాదు: కొత్త మిషన్‌లో ఆట ఆగి ఆగి నడుస్తోంది.

పై రెండు ముక్కలూ రాసి ఈ మరమ్మతు పుస్తకం మూసేయాలి. "రోగం రాయి, మందు రాయి, నీ గోల రాయకు విస్సమ్మా" అనేవాడు నాకు ఈ పని నేర్పిన గురువు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. కాబట్టి నా గోల నేను రాసుకుంటాను.

ఈ మిషన్ నిన్న నా చేతులతో కట్టింది. మస్తాన్ వలీ సామాను పడవలో ఒడ్డు నుంచి కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్, కొత్త గ్రాఫిక్స్ కార్డు, ఇంకా అట్ట కూడా విప్పని మూడు ర్యామ్ పలకలు తెచ్చాడు. మా తెప్ప మీదికి ఎవరూ వాడని సామాను రావడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ ఒక ఇంటివాళ్ళు వద్దన్నది ఇంకో ఇంటికి బిగించడమే నా పని. కొత్త బోర్డు వాసన చూసి, పెళ్ళికూతురి చీర ముట్టుకున్నట్టు ముట్టుకుని మురిసిపోయాను.

చివర చేమిరి వేశాను. పాలు ఎంత కొత్తవైనా తోడుకు నిన్నటి పెరుగు చుక్క ఉండాలి కదా. అలాగే మా తెప్పల మీద ఏ మిషన్ మార్చినా పాతదాని ముక్క ఒకటి తీసి కొత్తదానిలో బిగిస్తాం. ఊరు మునిగినప్పుడు చేతికందిన ముక్కలతో బయటపడి ఈ తెప్పల మీద కాపురం పెట్టినవాళ్ళం. ఇల్లు మునగలేదు, సాగుతోంది అని చెప్పుకోవడానికి పెద్దలు పెట్టిన ఆచారం. మామూలుగా పాత ఫ్యానో, డిస్కో వేస్తాం. అన్న పాత మిషన్‌ని ఉప్పు తినేసింది. పనికొచ్చేలా మిగిలింది ఒక్క ర్యామ్ పలక. దాన్నే మూడు కొత్త పలకల పక్కన నాలుగో గాడిలో పెట్టాను. చక్కగా కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి అన్న ఆట తెరిచాడు. ముప్పై ఏళ్ళు ఉప్పు గదుల్లో పనిచేసిన మనిషి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయి మంచం దిగలేడు. రెండు చేతులూ, నోరూ పనిచేస్తాయి. నోరు కాస్త ఎక్కువే పనిచేస్తుంది. ఆటలో రేవు దగ్గర పడవ ఎక్కి తెడ్డు వేశాడు. పడవ రెండు బారలు కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది.

"ఏందమ్మా ఇది? కొత్త మిషనన్నావు. నా దగ్గుకి తోబుట్టువులాగా ఉందే" అన్నాడు.

ఆయన నవ్వాడని నేనూ నవ్వాను గాని నాకు తల కొట్టేసినట్టయింది.

రెండో రోజు

తెర మూలన అంకె చూశాను. సెకనుకు పందొమ్మిది బొమ్మలు. ఈ సామానుకు ఎనభై, తొంభై రావాలి. పాత మిషనే ఇరవై రెండు ఇచ్చేది.

ఈ పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు కాబట్టి ఆ ఆట సంగతి రాస్తాను. మా ఊరు ఎదురుమొండి సముద్రంలో మునగబోయే ముందటి ఏడు, ఊళ్ళో చదువుకున్నవాళ్ళు కొందరు ఒక్క రోజులో ఊరంతా తిరిగి గడప గడపా ఫొటోలు తీశారు. రేవు, మడ అడవి, కాలువలు, దీపస్తంభం. వాటితో ఈ పడవల ఆట చేశారు. ఆ రోజు ఎవరు ఎక్కడ కూర్చుని ఉంటే ఆటలో ఇప్పటికీ అక్కడే ఉన్నారు. అన్న భార్య పైడమ్మ వదిన ఆ రోజు దీపస్తంభం మెట్ల మీద వల బాగుచేసుకుంటోంది. తరవాత రెండేళ్ళకు పోయింది. అప్పటికి కూతురు మోపిదేవికి నాలుగేళ్ళు. తల్లి మొహం గుర్తులేదు ఆ పిల్లకి.

దేవి ఇప్పుడు పదకొండో తెప్ప మీద నాచు కోతలో ఉంది. రెండు రోజుల దూరం. సముద్రం పోటు మీదున్న ఈ కాలంలో సామాను పడవలే గాని మనుషుల్ని ఎక్కించుకునే పడవలు తిరగవు. అవి మొదలవడానికి ఇంకా రెండు నెలలుంది. అన్నకు అంత టైము లేదని, ఆయనకు మందులిచ్చే నర్సమ్మ నన్ను గది బయటికి పిలిచి చెప్పింది. రెండు వారాలు గడిస్తే దేవుడి దయ అంది.

తెప్పల మధ్య తీగ తుఫాను కబుర్లకూ, చావు కబుర్లకే. మామూలు మాటలు దానిమీద పంపనివ్వరు. ఆట మాత్రం పోతుంది, ఎందుకంటే అందులో తెడ్డు వేటు, బూర మోత తప్ప ఇంకేమీ ఉండదు. అందుకని తండ్రీ కూతుళ్ళు పదేళ్ళుగా రోజూ నాలుగింటికి రేవులో పడవల మీద కలుస్తారు. బూర రెండు పొట్టిగా ఊదితే "ఉన్నావా?" ఒకటి పొడుగ్గా ఊదితే "ఉన్నా." రెండు పొడుగ్గా ఊదితే "పొద్దుపోయింది, ఇంక పో." ఆటలో వాళ్ళ కబుర్లన్నీ ఈ మూడే.

పాత మిషన్‌లో దీపస్తంభం వైపు తెరుచుకునేది కాదు. మూడో మలుపు దాటితే తెర నల్లబడేది. దేవి మిషన్‌లో తెరుచుకుంటుంది. అయినా ఒక్కతే ఎన్నడూ పోలేదు. నాన్నతో కలిసి పోయి అమ్మను చూస్తానని ఉత్తరం రాసింది. కొత్త మిషన్ అందుకోసం. ఇప్పుడు అటువైపు తెరుచుకుంటోంది గాని పడవ ఆగి ఆగి పోయేసరికి మూడో మలుపులో ఆటు మొదలై, నీళ్ళు తీసి బురద తేలుతోంది. రేవు వదిలిన పన్నెండు నిమిషాల్లో ఆ మలుపు దాటాలి. అన్నకు పదహారు పడుతోంది.

ఇవాళ కూడా బురదలో దిగబడ్డాడు. దేవి పడవ మలుపు అవతల తెడ్డు ఆపి ఎదురుచూసింది. కాసేపటికి వెనక్కి తిరిగి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

మూడో రోజు

పట్టేశాను. తెర కేబులు గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా బోర్డుకి గుచ్చి ఉంది. అంత పెద్ద కార్డు పెట్టి దాన్ని ఉత్తపుణ్యాన కూర్చోబెట్టాను. పాత బోర్డులకు అలవాటుపడ్డ చెయ్యి కదా. నా తలమీద నేనే ఒకటి మొట్టుకుని కేబులు మార్చాను.

పందొమ్మిది నుంచి ఇరవై ఏడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

పదిహేను నిమిషాలు. మళ్ళీ బురద.

నాలుగో రోజు

తెప్ప కరెంటు ఆదా చేయమని పెట్టిన అమరిక ప్రాసెసర్‌ని సగం నిద్రలో ఉంచుతోందని తేలింది. తీసేశాను. వెనకాల ఆటుపోట్ల లెక్క చూసే ప్రోగ్రాం ఒకటి ఎవరూ అడక్కుండా నడుస్తోంది, దాన్నీ ఆపాను. గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు పాతదయితే కొత్తది వేశాను. ఏ పుట్టలో ఏ పాముందో అని అన్నీ కదిపాను.

ముప్పై. కానీ నిలకడ లేదు. ముప్పై అంటుంది, ఇంతలో ఎనిమిదికి పడిపోతుంది. ఆ ఎనిమిది దగ్గరే పడవ గుంజాటన పడుతోంది.

నేను మిషన్ కింద దూరి పనిచేస్తుంటే అన్న పైనుంచి కబుర్లు చెబుతున్నాడు. ఆయన పడవ ఎప్పుడూ ఎడమకు లాగుతుంది. ఆయన చేత్తో పట్టుకుని ఆట నడిపే తెడ్డు కర్రలో లోపముందేమో విప్పి చూస్తానన్నాను.

"కర్ర జోలికెల్లకు. అది నా కుడి భుజం తప్పు. ఉప్పు బస్తా మీద పడ్డప్పటి సంది అంతే. దేవికి తెలుసులే, నేను ఎడంకి పోతానని ఎడం పక్క చోటు వదిలి పెడతది."

నాలుగింటికి రెండు పొట్టి బూరలు వినపడగానే ఆయన మొహంలోకి నెత్తురొచ్చింది. దగ్గు ఆపుకుని ఒక పొడుగు బూర ఊదాడు. ఆటలో బూర ఊదడానికి ఊపిరి అక్కర్లేదు, మీట నొక్కితే చాలు. అయినా ఈయన నిజంగా ఊదుతున్నట్టు బుగ్గలు పూరిస్తాడు.

ఆరో రోజు

నిన్న రాయలేదు. అన్నకు రక్తం పడింది.

ఇవాళ ఫ్యానులు విప్పి, ప్రాసెసర్ మీద పేస్టు తీసి మళ్ళీ రాశాను. వేడి తగ్గింది. ఆట అలాగే ఉంది. గ్రాఫిక్స్ కార్డు తీసుకుపోయి బడిలో మిషన్‌కి పెట్టి చూస్తే అక్కడ బంగారంలా నడిచింది. అంటే కార్డు మంచిదే. మరి రోగమెక్కడ? ఇరవై ఆరేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నా చేతిలో మొండికేసి గెలిచిన మిషన్ ఒక్కటీ లేదు. దీన్ని సముద్రంలో గిరాటేయాలనిపించింది.

ఎనిమిదో రోజు

మస్తాన్ వలీ తిరుగు పడవలో వచ్చాడు. సామాను నాసిరకం అంటగట్టావని రేవులోనే దులిపేశాను. పాపం, మాట పడి కూడా ఊరుకుని నా వెంట అన్న గదికి వచ్చాడు. మూత తీయించి లోపలికి చూశాడు.

"అక్కా, ఈ నాలుగోది ఏంది? పాతది పెట్టావా?"

"అది చేమిరి."

"అది తీసేసి సూడు. ఎడ్ల బండికి ఒక ఎద్దు కుంటిదైతే రెండోదీ దాని అడుగే వెయ్యాల గదా? కొత్త పలకలు మూడూ ఆ ముసలిదాని నడకే నడుస్తన్నయ్. దానికి ఓ పక్క ఉప్పు కూడా పట్టింది, సూడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒడ్డు మనిషికి తెలియదనుకోవాలి, కానీ వీడు ఇరవై ఏళ్ళుగా మా తెప్పలకు తిరుగుతున్నాడు. చేమిరి ఎప్పుడు తీస్తారో వీడికి బాగా తెలుసు. ఇంట్లో ఆఖరి మనిషి పోయినరోజున తీస్తారు. శవం గడప దాటేలోగా తీసి, గుడ్డలో చుట్టి, పెద్దబిడ్డకు పంపుతారు. ఆ తరవాత మిషన్‌ని ఒక్కసారి వేసి చూస్తారు, ఇంకో ఇంటికి పనికొస్తుందా అని. బతికున్న మనిషి ముందు ఆ మాట అనడమేమిటి?

"నోరు కడుక్కో మస్తానూ" అన్నాను. "ఇన్నాళ్ళూ ఎన్ని మిషన్లకు చేమిరి వేశాను! ఒక్కటీ ఆగలేదు."

"ఇన్నాళ్ళూ అన్నీ ముసలివేగా అక్కా, అందుకని తెలవలా."

ఆ మాట నాకు వినపడింది. వినపడలేదని రాస్తే అబద్ధమవుతుంది. వినపడీ మూత బిగించేశాను.

వాడు పోయాక అన్న గొంతు సవరించుకున్నాడు. అంతా విన్నాడు.

"తీసి సూడరాదంటే, విస్సమ్మా? పోయేదాకా ఆగాలా ఏంది? ఇయ్యాల తీత్తే ఏం, రేపు తీత్తే ఏం?"

"అన్నా! ఇంకోసారి ఆ మాటంటే నేను మీ గడప తొక్కను."

"సర్లే తల్లీ, సర్లే. నీ కోపం సల్లగుండ." నవ్వబోయి దగ్గాడు. తరవాత గోడవైపు తిరిగాడు. "పైడమ్మ మొహం నేనూ మర్సిపోతన్నా. అది సెప్పలా దేవికి."

కొత్త తీగలు తెచ్చి లోపలి తీగలన్నీ మార్చాను. ముప్పై ఒకటి.

పదో రోజు

ఇవాళ పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. మలుపు దాకా వచ్చాడు. దీపస్తంభం తల కనిపించింది. మెట్లు కనిపించలేదు. పడవ కిందికి బురద వచ్చేసింది. దేవి పడవ ముందుకు పోకుండా, వెనక్కి రాకుండా అక్కడే నీళ్ళలో ఊగుతూ ఉంది.

అన్న తెడ్డు కర్ర వదిలేశాడు. దాన్ని నా చేతిలో పెట్టి రెండు పొడుగు బూరలు ఊదమన్నాడు. ఊదాను.

రేపు బోర్డు తయారీ వాళ్ళ పుస్తకం మొత్తం చదువుతాను. ఎక్కడో ఒక అమరిక ఉండే ఉంటుంది.

పదకొండో రోజు

నాంచారయ్య అన్న మధ్యాహ్నం రెండున్నరకు పోయాడు. నర్సమ్మ, నేను ఉన్నాం. నా ఒళ్ళో బోర్డు పుస్తకం తెరిచి ఉంది.

తీగ మీద చావు కబురు పంపడానికి అడిగితే ఐదింటికి వంతు ఇచ్చారు. అంతలో చేయవలసింది చేయమని పెద్దలు నన్నే పిలిచారు. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. మిషన్ కట్టింది నేను కాబట్టి చేమిరి తీయాల్సిందీ నేనే. మూత విప్పాను. నాలుగో గాడిలో పలక రెండు పక్కలా మీటలు వంచితే టక్కుమని పైకి వచ్చింది. దాని మీద ఆయన పాత పై పంచె ముక్క చుట్టాను. ఏడుస్తూనే మూత బిగించి, ఆచారం ప్రకారం మీట నొక్కాను.

ఆయన రోజూ నాలుగింటికి ఆట దానంతటదే తెరుచుకునేలా పెట్టుకున్నాడు. గోడ గడియారంలో సరిగ్గా నాలుగు. ఆట తెరుచుకుంది.

మూలన అంకె తొంభై ఒకటి.

రేవులో నీళ్ళు కదులుతున్నాయి. ఇన్ని రోజులూ ముక్కలు ముక్కలుగా చూసిన నీళ్ళు ఇప్పుడు నీళ్ళలా పారుతున్నాయి. మడ ఆకులు ఊగుతున్నాయి. వాడు చెప్పాడు. ఆయన కూడా అడిగాడు. మూడు రోజుల క్రితం ఈ చిన్న పలక నేను పైకి లాగి ఉంటే ఆయన ఆ సాయంత్రమే మెట్ల దాకా పోయేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఆయన ప్రాణం మీద ప్రేమతో ఆయన అడిగిన ఒక్క కోరికా నేనే ఆపాను.

రెండు పొట్టి బూరలు మోగాయి. ఉన్నావా?

దేవి పడవ పక్కనే ఉంది. ఎడమ పక్క చోటు వదిలి నిలబడింది.

పోయాడని చెప్పే బూర వాళ్ళకు లేదు. మళ్ళీ రెండు పొట్టిగా మోగాయి. వెనక మంచం మీద అన్న ఉన్నాడు, మొహం మీద గుడ్డ కప్పి. నేను తెడ్డు కర్ర తీసుకున్నాను. ఒక పొడుగు బూర ఊదాను. మోసం చేశానా అంటే చేశాను.

పడవ వెన్నలా సాగింది. మొదటి మలుపు, రెండో మలుపు. దేవి పడవ నా పక్కనే వస్తోంది. తొమ్మిది నిమిషాలకే మూడో మలుపు దాటాం. బురద ఇంకా తేలలేదు. దీపస్తంభం మొత్తం కనిపించింది, సున్నం కొట్టిన మెట్లతో సహా.

మూడో మెట్టు మీద పైడమ్మ వదిన కూర్చుని ఉంది. పచ్చ చీర, కాలి బొటనవేలికి వల తగిలించుకుని కండెతో అల్లుతోంది. ఎండకు కళ్ళు చికిలించి ఎవరివైపో చూస్తోంది. ముక్కు అచ్చం దేవి ముక్కే.

దేవి పడవ మెట్లకు ఆనుకుని ఆగింది. చాలాసేపు కదల్లేదు. నేనూ కదల్లేదు. నీళ్ళు తీసేదాకా అలాగే ఉన్నాం. అప్పుడు రెండు పొడుగు బూరలు మోగాయి. ఆ రెండూ ఊదేది ఎప్పుడూ అన్న. ఈసారి దేవి ఊదింది.

ఐదింటికి తీగ మీద కబురు పంపాను.

పన్నెండో రోజు

దేవికి ఉత్తరం రాశాను. పడవ నడిపింది నేనని రాశాను. మిషన్‌లో తప్పు ఏమిటో, మస్తాన్ వలీ ఏమన్నాడో, నాన్న ఏమడిగాడో, నేను ఏం చేశానో దాచకుండా రాశాను. చేమిరి నీకు పంపడం ఆచారం, కానీ అది పెడితే నీ మిషన్ కూడా తడబడుతుంది, కాబట్టి పెట్టెలో దాచుకుంటానంటేనే పంపుతాను, బిగించకు అని కూడా రాశాను. పదకొండో తెప్ప వైపు పోతున్న మస్తాన్ చేతికి ఉత్తరం ఒక్కటే ఇస్తుంటే వాడి మొహంలోకి చూడలేకపోయాను. వాడు కూడా దెప్పలేదు. "అక్కా, అన్నం తిన్నావా?" అన్నాడు.

ఇరవై నాలుగో రోజు

జవాబు వచ్చింది. అందులోంచి ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"అత్తా, మొదటి మలుపు కాడే తెలిసింది నాన్న కాదని. పడవ ఎడంకి లాగలేదు. తిన్నగా వచ్చింది. నాన్న ఇంక రాడని అర్థమైంది. వెనక్కి తిరుగుదామనుకున్నా. కానీ నువ్వు ఎంత జాగర్తగా నడుపుతున్నావో కనపడింది, నాన్నని మోసుకొస్తన్నట్టు. అందుకని వచ్చా. అమ్మని చూశా. మనిద్దరం చూశాం.

నీ మీద నాకు కోపం లేదత్తా. ఉంటే రాసేదాన్ని. నాన్న బతికుండగా ఆ ముక్క తియ్యమంటే నేనూ తియ్యనిచ్చేదాన్ని కాదు.

అది పంపు. పెట్టెలో దాచను, నా మిషన్‌లో పెడతా. ఆట ఆగుద్దని రాశావు. ఆగనీ. పదేళ్ళు నాన్న అట్టాగే వచ్చాడు నా దగ్గరికి, ఆగి ఆగి."

తరవాత పలక మీది ఉప్పు మెత్తటి కుంచెతో తుడిచి, మళ్ళీ ఆ పంచె ముక్కలోనే చుట్టాను. ఎలా బిగించాలో బొమ్మ గీసి పెట్టాను. రేపు పడవకు ఇస్తాను.

మిషన్: మోపిదేవిది. పదకొండో తెప్ప.
ఫిర్యాదు: ఏమీ లేదు.